కడపలో పడమర రోడ్డు స్థలం: రాత్రిళ్లు వేడి దిగని ఇల్లు కట్టాలంటే అదనపు సొమ్ము మొదట దేని మీద పెట్టాలి?

పాలకొండ నీడ (కడప) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. కడప శివార్లలో మాకు నాలుగు సెంట్ల స్థలం ఉంది. రోడ్డు పడమర వైపు. వచ్చే మాఘమాసంలో ముగ్గు పోయించి, సుమారు వెయ్యి చదరపు అడుగులలో రెండు పడక గదుల ఇల్లు కట్టాలని అనుకుంటున్నాము.

నేను పుట్టి పెరిగినది జమ్మలమడుగు దగ్గరి పల్లెలో, రాతి మిద్దెలో. రెండడుగుల మందం గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, బండల మీద అడుగు మందాన మట్టి, అన్నిటికీ పైన వాన దిగకుండా చౌడు. రోళ్లు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తెలో కూడా మధ్యాహ్నం తలుపులు మూసుకొని నాపబండల మీద పడుకుంటే హాయిగా నిద్ర పట్టేది. ఇప్పుడు అద్దెకు ఉంటున్న స్లాబు ఇంట్లో రాత్రి పది గంటలకు ఫ్యాను వేస్తే పొయ్యి మీది సెగను కిందికి తోసినట్టు ఉంటుంది. పగటి కంటే రాత్రే ఎక్కువ బాధ.

మా ఇంజనీరు గారిని అడిగితే, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, ఐదంగుళాల స్లాబు వేసి, రెండు గదులకు రెండు ఏసీలు, పైన సోలారు పెట్టుకుంటే చాలునని, ఇంతకు మించి ఆలోచించవలసిన పని లేదని అన్నారు. మామూలు ఖర్చు పైన మేము ఇంకొక రెండు లక్షల రూపాయలు మాత్రమే పెట్టగలము. ఆ సొమ్మును గోడల మీద పెట్టాలా, పైకప్పు మీద పెట్టాలా, సోలారు మీద పెట్టాలా అన్నది నా ప్రశ్న. మరొక మాట కూడా అడగాలి. మా నాన్న మిద్దెకు పోసినట్టే స్లాబు మీద అడుగు మందం మట్టి, చౌడు పోయిస్తే ఏమైనా ఇబ్బంది ఉంటుందా? అది అన్నిటికంటే చవక కదా.

చిత్రావతి (అనంతపురం) సమాధానం

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ప్రమాదంతో కూడినది. దయచేసి ఆ పని చేయవద్దు. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు దాదాపు ఐదు వందల కిలోల బరువు ఉంటుంది, వాన పడి నానితే ఇంకా పెరుగుతుంది. మనుషులు తిరిగే డాబాకు స్లాబు సొంత బరువు కాకుండా చదరపు మీటరుకు సుమారు నూట యాభై కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకొని మేము చువ్వలు నిర్ణయిస్తాము. రెండడుగుల రాతి గోడల మీద, దగ్గర దగ్గరగా వేసిన దూలాల మీద నిలిచిన బరువును ఐదంగుళాల స్లాబు నెత్తిన పెట్టడం కుదరదు.

అయితే మీ నాన్నగారి మిద్దె నేర్పే పాఠం మాత్రం సరైనదే. ఒకే అంతస్తు ఇంటికి వేసవిలో ఎక్కువ వేడి గోడల నుంచి కాదు, పైకప్పు నుంచి వస్తుంది. కడప సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి నుంచి ఉత్తరం వైపే కాస్త ఒరిగి ఉంటాడు. అంటే ఎండ తీవ్రంగా ఉండే రోజులలో దక్షిణ గోడ మీద దాదాపు ఎండ పడదు, పైకప్పు మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా కాగుతూనే ఉంటుంది. కాంక్రీటు ఆ వేడిని పగలంతా తనలో నింపుకొని పొద్దు గుంకిన తర్వాత తీరికగా లోపలికి వదులుతుంది. రాత్రి పది గంటలకు మీ ఫ్యాను కిందికి తోస్తున్నది ఆ మధ్యాహ్నపు ఎండనే.

దీనికి ఒక కొలత ఉంది. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2018 డిసెంబరులో నివాస భవనాల కోసం ఎకో నివాస్ సంహిత అనే నియమావళిని విడుదల చేసింది. అది ఐదు వందల చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలను ఉద్దేశించినది కనుక మీ నాలుగు సెంట్లకు వర్తించదు, కానీ గీటురాయిగా పనికి వస్తుంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు పైకప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి ప్రవహించకూడదని అది చెబుతుంది. ఉత్త ఐదంగుళాల స్లాబుకు లెక్క కడితే మూడు వాట్లు దాటుతుంది. స్లాబు పైన రెండంగుళాల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురగ) పలకలు పరిస్తే అర వాటుకు కాస్త పైకి దిగివస్తుంది. ముందుగా నీరు దిగకుండా పూత, దాని మీద పలకలు, పలకల మీద జాలీ తీగ పరచి రెండంగుళాల కాంక్రీటు వాటంగా పోసి, చివర తెల్లటి టైల్సు అతికించాలి. మామూలు థర్మోకోలుతో సరిపెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది బరువుకు అణగిపోతుంది, నీరు పీలుస్తుంది. ఇదే పలకను స్లాబు కింద సీలింగులో పెట్టేవారు ఉన్నారు. అప్పుడు స్లాబు ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించి పగుళ్లు తెచ్చుకునే బాధ తప్పదు. గొడుగు నెత్తి పైన ఉండాలి కదా.

అంత ఖర్చు వద్దనుకుంటే తెల్లపూత ఒకటే అయినా మేలే. బూడిద రంగు కాంక్రీటు ఎండలో ఎక్కువ భాగాన్ని తాగేస్తుంది, కొత్తగా వేసిన తెల్లపూత నూటికి డెబ్భై పాళ్లకు పైగా వెనక్కి పంపిస్తుంది. సున్నం అయితే ఏటా వేసవికి ముందు మళ్లీ వేయించాలి. దుమ్ము పట్టిన కొద్దీ దాని గుణం తగ్గుతుంది. నల్ల కడప బండలను డాబా మీద పరచాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. అవి ఇంటి లోపల నేల మీద ఎంత చల్లనో, డాబా మీద అంత నిప్పు.

హంద్రీ గట్టు (కర్నూలు) సమాధానం

పైకప్పు గురించి చిత్రావతి గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, మీది పడమర రోడ్డు అన్న సంగతిని మనం మరిచిపోతున్నామేమోనని నాకు అనిపిస్తున్నది. మాదీ పడమర వాకిలే. మూడేళ్ల క్రితం ఇల్లు కట్టించినప్పుడు ముందు భాగం అందంగా కనిపించాలని హాలుకు పడమర వైపు ఎనిమిది అడుగుల గాజు కిటికీ పెట్టించుకున్నాను. మేస్త్రీ వద్దన్నాడు, నేనే వినలేదు. మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రం నాలుగు గంటల తర్వాత ఆ హాలులో కూర్చోలేము. లోపల మందపాటి తెరలు కట్టాము, ఫలితం లేదు. ఎండ ఒకసారి గాజు దాటి లోపలికి వచ్చాక తెర దానిని ఆపదు, తెర కూడా వేడెక్కి గదినే కాచుతుంది. చివరకు కిటికీ బయట వెదురు తడికలు వేలాడదీసిన తర్వాతే ఊపిరి ఆడింది. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది కనుక రెండడుగుల సజ్జ దానికి అడ్డు కాదు. పంచ, జాలీ, తడిక, చెట్టు వంటి నిలువు అడ్డమే కావాలి. మీరు వాకిలి ముందు ఆరడుగుల పంచ వదిలి, కారు నిలిపే చోటు కూడా ఆ పక్కనే ఉంచితే ముందు గోడ దాదాపు నీడలోనే ఉంటుంది.

గోడల సామగ్రి విషయంలో కూడా నా అనుభవం చెబుతాను. మేము ఏఏసీ బ్లాకులతో, అంటే లోపల గాలి బుడగలు ఉండే తేలికపాటి సిమెంటు దిమ్మెలతో కట్టాము. అవి ఇటుక బరువులో మూడో వంతు ఉంటాయి, వేడిని ఆపడంలో అదే మందం ఇటుక గోడ కంటే మూడు నాలుగు రెట్లు మెరుగు. కానీ వాటిని పేర్చే పద్ధతి వేరు. పలుచటి ప్రత్యేక జిగురుతో అతికించవలసిన వాటిని మా పనివాళ్లు ఇటుకల మాదిరే నీళ్లలో నానబెట్టి, ముప్పావు అంగుళం సిమెంటు మాలుతో పేర్చారు. ఏడాది తిరగకముందే పూతలో, ముఖ్యంగా పిల్లర్లు కలిసే చోట, గీతలు వచ్చాయి. గోడకు బరువైన అలమర బిగించాలన్నా దానికి తగిన మేకులు వేరే తెచ్చుకోవాలి. కనుక ఆ పని తెలిసిన బేల్దారి దొరికితేనే వాటి జోలికి వెళ్లండి.

మీ జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది కనుక బూడిద ఇటుకలు దగ్గరలోనే దొరుకుతాయి. వేడిని ఆపడంలో అవి ఎర్ర ఇటుకను మించినవేమీ కావు. బట్టీలో కాల్చే పని లేదు, పొలాల పైమట్టి పోదు, ఎలాగూ గుట్టలుగా పేరుకుపోయే బూడిదకు ఒక ఉపయోగం దొరుకుతుంది. పర్యావరణం కోసం అని మీరు అనుకుంటే అదే పెద్ద లాభం.

పాలకొండ నీడ (కడప)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మట్టి పోసే ఆలోచన మానుకున్నాను. మీ జవాబులు చదివిన తర్వాత ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. ఇంటి యజమాని పడక గది నైరుతిలోనే ఉండాలని మా అమ్మ పట్టుబడుతున్నది. హంద్రీ గట్టు గారు చెప్పిన ప్రకారం చూస్తే, పడమటి ఎండ అంతా తాగి రాత్రికి వేడిని వదిలే మూల అదే. అమ్మ మాట కాదనలేను, ఆ గదిలో పడుకోనూలేను. ఏమి చేయమంటారు?

చిత్రావతి (అనంతపురం)

మీ అమ్మగారితో వాదించవలసిన అవసరం లేదు. నైరుతిలో బరువు ఉండాలని, తెరుపులు తక్కువ ఉండాలని చెప్పేదీ అదే వాస్తు. ఆ మాటను పట్టుకొని డాబా మెట్లను ఇంటికి ఆనించి బయట, పడమర గోడ వెంట నైరుతి మూలన వేయండి. మెట్ల నీడ ఆ గోడకు పడుతుంది. ఆ గదికి పడమర వైపు కిటికీ పెట్టకుండా దక్షిణం వైపు ఒకటి పెట్టి, ఎదురుగా ఉండే తలుపు మీద వెంటిలేటరు ఉంచండి. పడమర గోడ పొడవునా లోపల బట్టల అలమరలు కట్టించండి.

ఆ ఒక్క గోడను మాత్రం వేరుగా కట్టించడం మేలు. ఇటుకలను పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ గూళ్లు వదులుతూ కట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతిని కేరళలో లారీ బేకర్ అనే భవన శిల్పి విరివిగా వాడి ప్రచారంలోకి తెచ్చారు. మామూలు తొమ్మిది అంగుళాల గోడతో పోల్చితే దానిలో ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, లోపల నిలిచిన గాలి వేడికి అడ్డు నిలుస్తుంది. దీనికి అన్నీ ఒకే కొలతలో ఉండే ఇటుకలు కావాలి. మన నాటు బట్టీ ఇటుకలు వంకరటింకరగా ఉంటాయి కనుక కుదరవు, బూడిద ఇటుకలు చక్కగా సరిపోతాయి. గూళ్లలో తేళ్లు చేరుతాయని మీ మేస్త్రీ తప్పకుండా అంటాడు. పునాది మీద మొదటి వరస, కిటికీల అడుగు వరస, స్లాబు కింది వరస ఖాళీ లేకుండా గట్టిగా కట్టిస్తే చీమకు కూడా దారి ఉండదు.

మూడో అంతస్తు (కర్నూలు)

పెద్దలు క్షమించాలి, నా అభిప్రాయం వేరు. మీరు చెప్పిన పనులకు తగిన పనివాళ్లు దొరకరు, దొరికినా సరిగ్గా చేయరు, చివరకు అందరూ ఏసీ పెట్టుకోక తప్పదు. సోలారుకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తున్నప్పుడు ఆ రెండు లక్షలు దానికి పెట్టి, పగలు తయారైన కరెంటును రాత్రి ఏసీకి లెక్క కట్టుకుంటే సరిపోతుంది కదా. ఇంజనీరు గారు మొదట చెప్పినదే ఆచరణలో సులభమైన మార్గం.

పెన్న ఇసుక (ప్రొద్దుటూరు)

విద్యుత్ శాఖలో పనిచేసి విరమించినవాడిని కనుక ఈ విషయంలో కొంత చెప్పగలను. సోలారు మంచిదే, నేనూ పెట్టించుకున్నాను. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు ముప్పై వేలు, మూడు కిలోవాట్లకు మొత్తం 78,000 రూపాయలు కేంద్రం సబ్సిడీగా ఇస్తుంది. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి, అంటే మూడు కిలోవాట్లకు పన్నెండు యూనిట్లు. అంత వరకు మూడో అంతస్తు వారి లెక్క సరే.

కానీ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. బ్యాటరీ లేకుండా వీధి లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ సోలారు, లైను మీద కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. తీగల మీద పనిచేసే మనిషికి ప్రమాదం రాకుండా అలా తయారు చేస్తారు. మే నెల రాత్రి గాలివానకు రెండు గంటలు కరెంటు పోతే పైన ఉన్న పలకలు అక్కరకు రావు, కింద ఉన్న ఏసీ అక్కరకు రాదు. అప్పుడు మిగిలేది ఇంటి గోడలూ పైకప్పే. పైగా కాగిన స్లాబు కింద ఏసీ చల్లబరిచేది గదిని కాదు, స్లాబును. అదే గదికి పైకప్పు సరిగ్గా ఉంటే ఒకటిన్నర టన్ను చోట ఒక టన్నుతో సరిపోవచ్చు.

ఫ్యాన్ల గురించి ఎవరూ చెప్పలేదు. పాత రకం ఫ్యాను డెబ్భై ఐదు వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యాను ముప్పై వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. ఇన్వర్టరు మీద రెండింతల సేపు తిరుగుతుంది. మన పొడి వేడికి ఎయిర్ కూలరు కూడా చక్కగా పనిచేస్తుంది, వాన పట్టాక మాత్రం ఉక్క పెంచుతుంది. అయితే అది తాగే నీళ్ల లెక్క కూడా చూసుకోవాలి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో కూలరు పెట్టమని సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. మీ వెయ్యి అడుగుల డాబా మీద ఏటా ఏడు వందల మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే, వృథా పోను యాభై వేల లీటర్ల దాకా పట్టుకోవచ్చు. పునాది తవ్వేటప్పుడే సంపుకు చోటు చూసుకోండి.

పాలకొండ నీడ (కడప)

అందరి మాటలూ విన్న తర్వాత మెట్లను నైరుతికి మార్పించి, ముందు పంచను ఆరడుగులు చేయించి, కొత్త ప్లాను గీయించాను. అమ్మ కూడా సంతోషించింది. అయితే నేను ముందే చెప్పవలసిన విషయం ఒకటి చెప్పలేదు. ఐదారేళ్లలో మా అబ్బాయి కోసం పైన ఇంకొక అంతస్తు వేసే ఉద్దేశం ఉంది. అప్పుడు స్లాబు మీద పరిచిన పలకలు, కాంక్రీటు, టైల్సు అన్నీ ఏమవుతాయి?

చిత్రావతి (అనంతపురం)

ఇది మొదటే తెలిసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. పైన అంతస్తు వస్తే ఈ స్లాబు మీద ఎండే పడదు. ఐదేళ్ల కోసం అంత ఖర్చు పెట్టి, తర్వాత దానిని పగలగొట్టి ఎత్తిపోయడం దండగ. కనుక నా వరసను మార్చుకుంటున్నాను. తర్వాత మార్చలేని వాటి మీద ఇప్పుడు సొమ్ము పెట్టండి. అంటే పడమర వైపు ర్యాట్ ట్రాప్ గోడ, పంచ, కిటికీల చోట్లు, సంపు. సంహిత ప్రకారం వేడి, పొడి వాతావరణంలో తెరుచుకునే కిటికీలు ఇంటి నేల వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలి. పగలు మూసి, రాత్రంతా తెరిచి ఉంచడానికి వీలుగా వాటికి దోమల జాలీ, ఊచలు తప్పకుండా పెట్టించండి. మీ మిద్దెలో గవాచి (గాలీ వెలుతురూ కోసం కప్పులో వదిలే కంత) చేసిన పనిని ఇక్కడ గోడ పైభాగంలోని వెంటిలేటర్లు చేస్తాయి.

స్లాబుకు ఇప్పటికి తెల్లపూత చాలు. మిగిలిన సొమ్ముతో సోలారు పెట్టుకోదలిస్తే పలకలను డాబాకు ఆనించకుండా ఏడెనిమిది అడుగుల ఎత్తు చట్రం మీద, సరిగ్గా పడక గదుల పైకి వచ్చేటట్టు నిలబెట్టండి. మూడు కిలోవాట్లకు పట్టే మూడు వందల చదరపు అడుగులు ఆ రెండు గదులకు గొడుగవుతాయి, కింద గాలి ఆడుతుంది. పైన అంతస్తు వేసినప్పుడు విప్పి మళ్లీ పైకి ఎక్కించుకోవచ్చు.

పాలకొండ నీడ (కడప)

అలాగే చేస్తాము. చట్రం కాళ్లను స్లాబులోకి రంధ్రాలు వేసి బిగిస్తామని సోలారు వాళ్లు అంటున్నారు. ఒప్పుకోవచ్చునా?

చిత్రావతి (అనంతపురం)

వద్దు. రంధ్రం వేసిన ప్రతి చోటా వాననీరు దిగుతుంది. స్లాబు పోసే రోజునే దూలాల మీద అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మెలు లేపించి, వాటిలో బోల్టులు నిలబెట్టించండి. చట్రం కొలతలు సోలారు వాళ్ల దగ్గర ముందుగానే రాయించుకొని ఆ కాగితం మీ మేస్త్రీకి ఇవ్వండి. పై అంతస్తు పిల్లర్ల చువ్వలకు ఈ దిమ్మెలు అడ్డు రాకుండా కనీసం రెండడుగులు పక్కకు ఉంచాలి. ఆ చువ్వలను తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి, బలహీనమైన కాంక్రీటుతో కప్పి ఉంచమని కూడా చెప్పండి.